శాలువా తర్వాత కప్పొచ్చు, ముందు బేసిక్ కోర్సుకు పంపండి

విజయవాడలోని ప్రైవేటు, ఎయిడెడ్ పాఠశాలల కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్ళకు, హెడ్మాస్టర్లకు,

అయ్యా, అమ్మా, నమస్కారం.

నేనొక గైడ్ కెప్టెన్‌ని, అంటే స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో అమ్మాయిల జట్టును నడిపే టీచర్ని. వారమంతా హైస్కూలు పిల్లలకు సోషల్ చెబుతాను, శనివారం సాయంత్రం గైడ్ కంపెనీ నడుపుతాను. సెలవుల్లో కొత్త స్కౌట్ మాస్టర్లకు, గైడ్ కెప్టెన్లకు జరిగే శిక్షణ కోర్సుల్లో చేయిసాయానికి వెళ్తుంటాను. అక్కడ మీ స్కూళ్ళ టీచర్లు కలుస్తారు. రాత్రి భోజనాలయ్యాక వాళ్ళు నాతో చెప్పుకునే మాటలు మీ ఎదుట అనలేరు, ఉద్యోగాలు కదా. అందుకే ఈ ఉత్తరం. ఏ స్కూలు పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరి సంగతి వాళ్ళకే తెలుస్తుంది.

స్కౌటింగ్ అంటే మీకు గిట్టదని నేను అనను. ఆగస్టు 15న స్కార్ఫులు కట్టుకున్న పిల్లలు వరసగా నడిచి ముఖ్య అతిథికి సెల్యూట్ కొడితే మీ ముఖాలు వెలిగిపోవడం నేను చూశాను. ఆ ఫొటో మరుసటి ఏడాది అడ్మిషన్ల పాంప్లెట్ మీదికి ఎక్కుతుంది, మంచిదే. నా గొడవంతా ఆ ఫొటోలో ఓ పక్కన సగం కోతపడి కనిపించే మనిషి గురించి. ఆయన్ని ఆ పనిలోకి ఎలా తెచ్చారు? ఏం నేర్పించారు? తోడు ఎవరినిచ్చారు?

ఎలా తెచ్చారో నాకు తెలుసు, మీకూ తెలుసు. జూన్‌లో మొదటి స్టాఫ్ మీటింగ్. టైం టేబుల్, సిలబస్, బస్ డ్యూటీలు అన్నీ అయ్యాక, టీ గ్లాసులు తీసేస్తున్న వేళకి, "ఇంతకీ స్కౌట్స్ ఎవరు చూస్తారు?" అన్న ప్రశ్న వస్తుంది. అందరూ డైరీల్లోకి తలలు దించుకుంటారు. చివరికి అది కొత్తగా చేరినవాళ్ళ మీదో, పీఈటీ గారి మీదో, పీరియడ్లు రెండు తక్కువున్న హిందీ టీచర్ మీదో పడుతుంది. "మీకు గొంతుంది సార్, మీరు చూసేయండి." నియామకం అయిపోయింది.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ 1950లో ఏర్పడ్డప్పటి నుంచి తనది స్వచ్ఛంద, రాజకీయేతర విద్యా ఉద్యమమనే చెప్పుకుంటోంది. పిల్లలు ఇష్టపడి చేరాలి, పెద్దలూ ఇష్టపడి రావాలి. గొంతు చూసి నెత్తిన పెట్టినవాళ్ళు శనివారం పిల్లల్ని ఎండలో నిలబెట్టి లెఫ్ట్ రైట్ చేయించి ఇంటికి పంపేస్తారు. ఆ టీచర్ని తప్పుపట్టను. ఆయనకు తెలిసింది అంతే. మనం చెప్పిందీ అంతే.

ప్రపంచ స్కౌట్ సంస్థ ఈ విషయంలో ఓ పద్ధతి పెట్టుకుంది. పెద్దవాళ్ళను వెతకడం, ఇద్దరూ కూర్చుని ఒప్పందానికి రావడం, పనిలో కుదురుకునేదాకా చేయి పట్టుకోవడం, శిక్షణ, అండ, కొంతకాలానికి ఎలా సాగుతోందని మాట్లాడుకోవడం, ఆ తర్వాత కొనసాగాలా, బాధ్యత మారాలా, తప్పుకోవాలా అని తేల్చుకోవడం. వినడానికి పెద్ద కార్పొరేట్ వ్యవహారంలా ఉంటుంది గానీ మన స్కూల్లో దీనికి పట్టేది అరగంట. ఆ టీచర్ని విడిగా పిలిచి కూర్చోబెట్టండి. వారానికి ఇంత సమయం పోతుంది, ఏడాదికి ఇన్ని క్యాంపులుంటాయి, మూడేళ్ళు చూడండి, ఇందుకు బదులుగా మీకు బస్ డ్యూటీ తీసేస్తాం అని చెప్పండి. ఆయన ఆలోచించుకుని రేపు చెబుతానంటే చెప్పనివ్వండి. కుదరదంటే ముఖం మాడ్చుకోకండి. ఒప్పుకుంటే అదంతా ఒక కాగితం మీద పెట్టి ఇవ్వండి. బదులుగా ఏ పని తగ్గిస్తామో రాయని కాగితం మాత్రం వద్దు. అలాంటివి మా దగ్గర చాలా ఉన్నాయి.

ఇప్పుడు శిక్షణ సంగతి. నా కడుపుమంట ఎక్కువగా దీని గురించే.

యూనిట్ నడిపేవాళ్ళకు మొదటిది బేసిక్ కోర్సు. ఏడు రోజులు, అక్కడే ఉండి చేయాలి. పొద్దున్నే విజిల్, వ్యాయామం, టెంట్ తనిఖీ, జెండా. తర్వాత ముడులు, ప్రథమ చికిత్స, మ్యాపు చదవడం, దారి గుర్తులు, గిన్నెలు లేకుండా వంట, హైక్, రాత్రికి క్యాంప్ ఫైర్. ఇదంతా పిల్లల ఆటలని మీలో కొందరు నవ్వడం నేను విన్నాను. కానీ ఆ ఏడు రోజుల్లో జరిగే అసలు పని వేరే ఉంది. టీచర్లను ఆరుగురు ఎనిమిది మంది చొప్పున పెట్రోళ్ళుగా, అంటే చిన్న జట్లుగా విడదీస్తారు. ఒకరు లీడర్. ఇరవై ఏళ్ళుగా క్లాసులో తనే మాట్లాడుతూ వచ్చిన లెక్కల మాస్టారు, తన శిష్యుడి వయసున్న లీడర్ చెబితే లేచి గిన్నెలు తోమాలి. మొదటి రోజు చిరాకు పడతారు. "నాకీ వయసులో ఇదేంటమ్మా" అని నాతోనే అన్నారొకాయన. నాలుగో రోజుకి అదే మనిషి, తన పెట్రోల్ వాళ్ళ పొయ్యి వెలగక ఇబ్బంది పడుతుంటే, అగ్గిపెట్టె చేతిలోకి లాక్కోకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. కట్టెలు పచ్చివని లీడర్ తనంతట తను తెలుసుకునేదాకా ఆగారు. అన్నం ఆలస్యమైంది, కాస్త మాడింది కూడా. ఆ రోజు ఆయన స్కౌట్ మాస్టర్ అయ్యారు. పదమూడేళ్ళ పిల్లకు బాధ్యత ఇచ్చి, తప్పు చేస్తుందని తెలిసీ నోరు మూసుకుని, దెబ్బ తగలకుండా మాత్రం చూసుకోవడం ఎంత కష్టమో క్లాసుల్లో బతికిన మనకు తెలుసు. ఇది సర్క్యులర్ చదివితే వచ్చేది కాదు.

ఈ ఏడు రోజులూ ఇవ్వడానికే మీకు చేతులు రావు.

ఓ కోర్సులో జరిగింది చెబుతాను. క్యాంప్ ఫైర్ అయి అందరూ పడుకున్నారు. వరండాలో ట్యూబ్‌లైట్ కింద ఒక మేడం చాప వేసుకుని కూర్చుని ఉన్నారు. పక్కన ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్) పరీక్ష పేపర్ల కట్ట, ఆ కట్టకు చుట్టింది పొద్దున ముడులు నేర్చుకోవడానికి ఇచ్చిన తాడు ముక్క. పురుగులు వాలుతుంటే ఎడం చేత్తో తోలుతూ కుడి చేత్తో మార్కులు వేస్తున్నారు. ఏంటండీ ఇది అంటే ఫోన్ చూపించారు. "మేడం, రేపు సాయంత్రంలోగా మార్కులు ఎంటర్ చేయాలి. క్యాంపులో ఉన్నామంటే కుదరదు." మర్నాడు అయిదున్నరకు విజిల్. రెండు రోజులు అలాగే నెట్టుకొచ్చారు. నాలుగో రోజు మధ్యాహ్నం మళ్ళీ ఫోన్, పేరెంట్స్ మీటింగ్ ఉంది వచ్చేయమని. వెళ్ళిపోయారు. కోర్సు సగంలో ఆగింది కాబట్టి సర్టిఫికెట్ లేదు. పోయిన నాలుగు రోజులూ ఆవిడ సెలవుల ఖాతాలోంచే పోయాయని తర్వాత తెలిసింది. ప్రథమ చికిత్స క్లాసు అయిదో రోజున ఉంది. ఆవిడ ఇప్పటికీ ఆ స్కూల్లో గైడ్ కెప్టెనే.

ఇదే మీరు ఎన్‌సీసీ విషయంలో ఇలా చేయరు, గమనించారా? ఎన్‌సీసీ చూసే లెక్చరర్‌ను ప్రీ-కమిషన్ శిక్షణకు మగవాళ్ళయితే నాగపూర్ దగ్గరి కాంప్టీకి, ఆడవాళ్ళయితే గ్వాలియర్‌కి పంపుతారు. ఏడు రోజులతో అయ్యేది కాదది. అయినా కిక్కురుమనకుండా రిలీవ్ చేస్తారు, తిరిగొచ్చాక భుజం మీద ర్యాంకు చూసి నమస్కారం పెడతారు. బెటాలియన్ నుంచి ఆర్డర్ వస్తుంది మరి. మాకు ఆర్డర్ వేసేవాళ్ళు లేరు, అడిగేవాళ్ళమే. అడిగితే ఇవ్వడం మీ చేతుల్లో ఉంది. ఆ ఏడు రోజులూ ఆన్ డ్యూటీ అని రాయండి. ఆ వారం పేపర్లు ఇంకొకరికి ఇవ్వండి. కోర్సు ఫీజు స్కూలు కట్టాలి. ఇంతకు మించి ఏమీ అడగను.

బేసిక్‌తో అయిపోదు కూడా. కొంతకాలం యూనిట్ నడిపాక అడ్వాన్స్‌డ్ కోర్సు, అదీ ఏడు రోజులే. ఆ తర్వాత హిమాలయ వుడ్ బ్యాడ్జ్. దాని గుర్తుగా మెడలో తోలు తాడుకు రెండు చెక్క పూసలు వేసుకుని తిరిగే స్కౌట్ మాస్టర్లను మీరు చూసే ఉంటారు. 1919లో లండన్ దగ్గర గిల్‌వెల్ పార్కులో, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పోవెల్ పెట్టిన మొదటి కోర్సు నుంచి వస్తున్న గుర్తు అది. మన దేశంలో, మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉన్న జాతీయ శిక్షణ కేంద్రం పేరు చెబితే మా వాళ్ళ కళ్ళు మెరుస్తాయి. ఆ పూసలు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఒక స్కూలు వార్షికోత్సవంలో యాంకరమ్మ వాటిని రుద్రాక్షలనుకుని "భక్తిపరులైన మాస్టారు" అని పరిచయం చేసింది. ఆయన నవ్వి ఊరుకున్నారు. మేం మాత్రం ఇప్పటికీ ఆయన్ని ఏడిపిస్తుంటాం.

ఇక తోడు. ఒక్క పెద్దమనిషితో యూనిట్ నడపకండి. ఈ ఒక్క విషయంలో మాత్రం బతిమాలడం మానేసి గట్టిగానే చెబుతున్నాను.

దసరాల్లో ఇంద్రకీలాద్రి కింద సేవకు పిల్లల్ని తీసుకెళ్తాం. మూలా నక్షత్రం రోజు ఎలా ఉంటుందో బెజవాడ వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వినాయకుడి గుడి దగ్గర క్యూలైన్ల పక్కన మా పిల్లలు మంచినీళ్ళ ప్యాకెట్లు అందిస్తున్నారు. నాతో రావాల్సిన రెండో టీచర్ని ముందురోజు సాయంత్రం స్కూల్లో పనుందని ఆపేశారు. ఎండకో, పొద్దున టిఫిన్ తినకో, ఓ అమ్మాయి కళ్ళు తిరిగి కూలబడింది. ఆ పిల్లను వైద్య శిబిరానికి తీసుకెళ్ళాలి. తీసుకెళ్తే మిగతా పిల్లలు ఆ జనంలో ఎవరి అండన ఉంటారు? అదృష్టం బాగుండి పక్కనే ఇంకో స్కూలు స్కౌట్ మాస్టారు ఉన్నారు. "మీరు వెళ్ళండమ్మా, నేను చూస్తా" అని మా పిల్లల్ని, తన పిల్లల్ని కలిపి బారికేడ్ లోపలికి చేర్చారు. మా పెట్రోల్ లీడర్ ఎవరూ చెప్పకముందే పేర్లు పిలిచి లెక్క చూసుకుంది. ఆ పూట గండం గడిచింది. మా రెండో టీచర్ని ఆపిన ఆ పని ఏమిటని తర్వాత అడిగితే, ఇన్‌స్పెక్షన్ కోసం రిజిస్టర్లు రాయడమట.

తోడు కావాలనడానికి ఇంకో కారణం ఉంది, అందరం నోరు విప్పడానికి మొహమాటపడే కారణం. ఏ పెద్దవాడూ ఏ పిల్లతోనూ, పిల్లాడితోనూ నలుగురికీ కనపడని చోట ఒంటరిగా ఉండే పరిస్థితి రాకూడదు. ఇది పిల్లలకు రక్షణ, నిజాయితీగా పనిచేసే టీచర్‌కూ రక్షణ. 2012 నాటి పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నియమాలు, పిల్లలతో మసలే సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలని, పిల్లల భద్రత మీద ఎప్పటికప్పుడు శిక్షణ ఇవ్వాలని స్కూళ్ళకు స్పష్టంగా చెబుతున్నాయి. జీతం తీసుకునేవాళ్ళ ఫైళ్ళలో ఆ కాగితాలు ఉండొచ్చు. క్యాంపుకు సాయంగా వచ్చే పూర్వ విద్యార్థి మాటేమిటి? డ్రిల్లు నేర్పడానికి ఆదివారం వచ్చే బయటి మనిషి మాటేమిటి? "మనవాడే" అనే మాట సరిపోదు. జీతం లేకపోయినా వెరిఫికేషన్ ఉండాలి. అడిగితే నొచ్చుకునేవాళ్ళు ఉంటారు, నొచ్చుకోనీయండి.

అలాగని బయటివాళ్ళు వద్దని కాదు, వాళ్ళే కావాలి. టీచర్లే ఎందుకు చూడాలి ఇదంతా? మీ దగ్గర రాష్ట్రపతి అవార్డు తెచ్చుకుని వెళ్ళిన పిల్లలు ఈ ఊళ్ళోనే బ్యాంకుల్లో, దుకాణాల్లో, ఆస్పత్రుల్లో పనిచేస్తున్నారు. రైల్వేలో స్కౌటింగ్ గట్టిగా ఉంది, స్కౌట్స్ కోటాలో ఉద్యోగాలొచ్చిన వాళ్ళున్నారు. రిటైరై సత్యనారాయణపురంలో పొద్దున్నే పేపరు రెండుసార్లు చదివే మాస్టార్లున్నారు. వాళ్ళలో ఒకరు నెలకు రెండు శనివారాలు వచ్చినా మీ స్కౌట్ మాస్టర్ ఊపిరి తీసుకుంటారు. పిలిస్తే వస్తారు. ఎవరు పిలిచారు వాళ్ళని?

శిక్షణ లేని ఉత్సాహం ఎక్కడికి తీసుకెళ్తుందో 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు కాస్త చూశాం. సింగ్‌నగర్ మునిగింది. ఏదో ఒకటి చేయాలని పెద్ద పిల్లలందరికీ ఉంది, మాకూ ఉంది. "మేమూ వస్తాం మేడం, పడవల్లో వెళ్దాం" అని ఫోన్లు. శిక్షణ తీసుకున్న మా వాళ్ళు మొదట అన్న మాట ఒకటే: పిల్లలు నీళ్ళలోకి దిగరు. పొట్లాలు కట్టే చోట, పాలు, మందులు విడదీసే చోట ఉంటారు. అదీ ఇంట్లో చెప్పి వస్తేనే. తెలుసా, కాదని చెప్పడం కూడా నేర్చుకోవాల్సిన పనే. అక్కడ జనం మధ్య, ఆ ఏడుపుల మధ్య, ఉడుకు రక్తంతో ఉన్న పిల్లాడిని ఆపడానికి చాలా ధైర్యం కావాలి.

డబ్బు గురించి రెండే ముక్కలు. యూనిఫాం, బండికి పెట్రోలు, క్యాంపుకి పోయి రావడం, ఓ పిల్లకు షూ లేకపోతే కొనిపెట్టడం, ఇవన్నీ మా జేబులోంచే పోతున్నాయి. బిల్లు పెడితే "తర్వాత చూద్దాం" అంటున్నారు. సేవ చేయడానికి వచ్చాం, చేతి డబ్బు పెట్టుకోవడానికి కాదు. ఏడాది మొదట్లోనే ఇంత అని పక్కన పెట్టేయండి, అడుక్కునే పని ఉండదు.

గుర్తింపు దగ్గరికి వద్దాం. మీరు శాలువా కప్పుతారు. సంతోషం. మా ఇంటి బీరువాలో అలాంటివి ఒక అర నిండా ఉన్నాయి. శుభకార్యాలకు ఒకరిది ఒకరికి తిరుగుతూ ఉంటాయి, బెజవాడలో శాలువాలకు ఇదొక ఆచారం. వేదిక మీద "నిస్వార్థ సేవకు మారుపేరు" అని మైకులో వినిపిస్తుంటే, పోయిన వారం నా క్యాంపు లీవు ఎందుకు కోశారో అడుగుదామా అనిపిస్తుంది. ఫ్లాష్ పడుతుంది, నవ్వుతాం.

మాకు నిజంగా గుర్తుండేవి వేరు. ఒక ప్రిన్సిపాల్ శనివారం సాయంత్రం చెప్పకుండా గ్రౌండుకి వచ్చి, గట్టు మీద కూర్చుని మీటింగ్ అంతా చూసి, వెళ్తూ వెళ్తూ "ఆ నాలుగో పెట్రోల్ అమ్మాయి ఆర్నెల్ల కిందట నోరు విప్పేది కాదు కదూ" అన్నారట ఒక కెప్టెన్‌తో. చూసి అన్న మాట అది. ఆ కెప్టెన్ నాకు ఎన్నిసార్లు చెప్పిందో. మీ వార్షిక నివేదికలో స్కౌట్స్ గురించి రాసేటప్పుడు యూనిట్ నడిపినవాళ్ళ పేరు, ఏ కోర్సు చేశారు, ఎంతమంది పిల్లలు తృతీయ సోపాన్ మెట్టు దాకా, రాజ్య పురస్కార్ అవార్డు దాకా వెళ్ళారు అన్నది రాయండి. ఇంక్రిమెంట్లు వేసేటప్పుడు ఆ పనిని పనిగా లెక్కించండి. ఉద్యోగం మారేవాళ్ళకు ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్లో ఆ సంగతి ఉండాలి. సంస్థలో పెద్దవాళ్ళ కోసమే మెడల్ ఆఫ్ మెరిట్, లాంగ్ సర్వీస్ డెకరేషన్, సిల్వర్ స్టార్, సిల్వర్ ఎలిఫెంట్ వంటివి ఉన్నాయి. వాటికి ఎవరో ఒకరు సిఫార్సు రాసి పంపాలి. తన గురించి తను రాసుకునే మనిషి ఈ పనికి రాడు. రాయాల్సింది మీరు. మీ స్కూల్లో ఎవరు ఎన్నేళ్ళుగా చేస్తున్నారో మీ దగ్గర లెక్క ఉందా?

తప్పుకునేవాళ్ళ గురించి కూడా చెప్పాలి. మోకాళ్ళ నొప్పులొచ్చినా, ఇంట్లో అత్తగారు మంచం పట్టినా, "మీరు వదిలేస్తే ట్రూప్ మూతపడుతుంది సార్" అన్న మాటతో కట్టేసి ఉంచిన స్కౌట్ మాస్టర్లు ఈ ఊళ్ళో ఉన్నారు. అది పొగడ్త అనుకుంటారు మీరు. మూడేళ్ళు అయ్యాక ఓసారి కూర్చుని అడగండి. ఆపుతానంటే, ఆ మూడేళ్ళలో పక్కన తయారైన అసిస్టెంట్‌కు ఇప్పించి, పిల్లల ముందు గౌరవంగా పంపండి. రెండేళ్ళు ఆగి మళ్ళీ వస్తానన్న వాళ్ళకు తలుపు తీసి ఉంచండి. ఇప్పుడు జరుగుతున్నదేమిటంటే, విసిగిపోయి ఒక జూన్‌లో స్కూలే మారిపోతున్నారు. టీచరూ పోతున్నారు, ట్రూపూ పోతోంది.

ఇదంతా ఇప్పుడే ఎందుకంటే, ముందున్నది 2028. కృష్ణా పుష్కరాలు. 2016 ఆగస్టు 12 నుంచి 23 దాకా దుర్గా ఘాట్, పున్నమి ఘాట్, పద్మావతి ఘాట్ ఎలా కిటకిటలాడాయో గుర్తుంది కదా. తప్పిపోయిన ముసలివాళ్ళను చేయిపట్టి నడిపించడానికి, పిల్లలున్న తల్లులకు దారి చూపడానికి, నీళ్ళు అందించడానికి అప్పుడు మళ్ళీ అందరూ స్కౌట్లేరీ, గైడ్లేరీ అని అడుగుతారు. మీ స్కూలు పేరున్న బ్యానర్‌తో పంపాలని మీకూ ఉంటుంది. అప్పటికి పెట్రోల్ లీడర్లు కావాల్సిన పిల్లలు ఇప్పుడు మీ ప్రైమరీ సెక్షన్లో ఉన్నారు. వాళ్ళను నడిపించాల్సిన పెద్దవాళ్ళు బేసిక్ చేసి, యూనిట్ నడిపి, అడ్వాన్స్‌డ్ చేసి రావాలంటే మొదలుపెట్టాల్సిన సమయం ఇదే. పుష్కరాలకు నెల ముందు సర్క్యులర్ వేస్తే ఘాట్ల దగ్గర యూనిఫాంలు ఉంటాయి, పని తెలిసినవాళ్ళు ఉండరు.

కాబట్టి వచ్చే స్టాఫ్ మీటింగ్‌లో స్కౌట్స్ విషయాన్ని టీ గ్లాసులు తీసేవేళకి కాకుండా మొదట్లోనే పెట్టండి. ఇష్టమున్న ఇద్దరి పేర్లు అడగండి, ఒక్కరివి కాదు. ముందే విడిగా మాట్లాడి ఉంచితే తలలు దించుకునే తంతు ఉండదు. ఆ ఇద్దరినీ వచ్చే బేసిక్ కోర్సుకు ఆన్ డ్యూటీ మీద పంపండి. ఆ వారం వాళ్ళకు ఫోన్ చేయకండి, మార్కులు తర్వాతి సోమవారం ఎక్కించుకోవచ్చు. కోర్సులో ఏదో ఒక సాయంత్రం మీరే ఓసారి రండి. మీ టీచర్లు వండిన అన్నం తిని వెళ్దురు గాని. మాడితే మాడుతుంది.

ఇట్లు,
మీ ఊరి గైడ్ కెప్టెన్ ఒకరు,
విజయవాడ